మొదటి విస్తరి

తిరువూరులో నాకొక చిన్న ప్రెస్సు ఉండేది. బస్టాండు నుంచి సెంటర్లోకి వెళ్ళే దారిలో, ఎరువుల కొట్టు పక్కన, ఒకే గది. ఒక పాత ట్రెడిల్ మిషను, గోడవారగా సీసపు అక్షరాల టైపు కేసులు, నేల మీద కాగితాల కట్టలు. పగలంతా పెళ్ళి శుభలేఖలు అచ్చువేసేవాణ్ణి. సాయంత్రాలు చుట్టుపక్కల ఊళ్ళకి వెళ్ళి కులం మీదా ముహూర్తాల మీదా ఉపన్యాసాలిచ్చేవాణ్ణి. పొద్దున "శ్రీరస్తు శుభమస్తు" కూర్చిన వేళ్ళతోనే సాయంత్రం బల్ల గుద్ది, మంచిరోజూ చెడ్డరోజూ లేవని వాదించేవాణ్ణి. ఎవరైనా ఎత్తిపొడిస్తే, "మిఠాయి కొట్టువాడు మిఠాయి తినే తీరాలా?" అనేవాణ్ణి. జనం నవ్వేవాళ్ళు. వాళ్ళ నవ్వుని ఒప్పుకోలు అనుకునేవాణ్ణి. అవి డెబ్బైల నాటి రోజులు. వయసులో ఉన్నాను, ఓపిక ఉండేది.

శుభలేఖ కోసం వచ్చేవాళ్ళకి నా దగ్గర నమూనాలు ఉండేవి. వాటిని ఒక్కరు కూడా తిరగేసి చూసేవాళ్ళు కాదు.

"ఏది వెయ్యమంటారండీ?"

"ఎ.కొండూరులో మా వియ్యంకుడు వేయించాడు చూడండి, అదే వేసెయ్యండి."

"మీకేది నచ్చిందో చెప్పండి, అది వేస్తాను."

"నాకు అదే నచ్చిందండి."

"చూశారా దాన్ని?"

"చూళ్ళేదనుకోండి. బాగుందన్నారు గదా."

ఆ వియ్యంకుడూ అంతకుముందు అలాగే ఇంకెవరి పేరో చెప్పి వేయించుకున్నాడు. అరటిచెట్ల పందిరి బొమ్మ ఒకటి అలా అరిగి అరిగి, చెట్లేవో స్తంభాలేవో తెలియకుండా పోయింది. కొత్త బొమ్మ తెప్పించి చూపిస్తే, "ఇది వేరేగా ఉందండి" అన్నారు. తిరువూరు చుట్టుపక్కల నలభై ఊళ్ళ పెళ్ళిళ్ళు ఒకే అరిగిన పందిరి కింద జరిగాయి. మా వీధిలో ఒకాయన గోడలకి పసుపురంగు కొట్టించాడు. మరుసటి ఏడాదికి వీధంతా పసుపైంది. ఎవరిని అడిగినా, "చల్లగా ఉంటుందని కొట్టించాం" అన్నారు. ఎండాకాలంలో ఆ రంగు కళ్ళు పొడిచేది.

ఇవన్నీ చూస్తూ కూడా నాకు అర్థం కాలేదు. మేము వాదనల్లో పెరిగినవాళ్ళం. ఎదుటివాడు ఒక అభిప్రాయాన్ని పట్టుకుని ఉంటాడనీ, దాన్ని విరగ్గొడితే మారతాడనీ మాకు నేర్పారు. చాలామంది దగ్గర విరగ్గొట్టడానికి అభిప్రాయమంటూ ఉండదనీ, పక్కవాడి ముఖం ఒకటే ఉంటుందనీ ఎవరూ చెప్పలేదు. నాకది మా అన్నయ్య కూతురి పెళ్ళిలో తెలిసింది.

ఆ పిల్ల టీచర్ ట్రైనింగు చేసి వినగడప దగ్గర ఒక స్కూల్లో చేరింది. అదే స్కూల్లో పనిచేసే కుర్రాణ్ణి ఇష్టపడింది. నెమ్మదైనవాడు, లెక్కలు చెబుతాడు. అతనిది మా ఊరి చివర పేట. ఊరు అంటరానివాళ్ళని చెప్పి దూరంగా పెట్టిన పేట అది. వాళ్ళకి చిన్న చర్చి ఉంది. అతని తల్లి ఏళ్ళతరబడి మా అన్నయ్య పొలంలోనే నాట్లకీ కలుపుకీ వచ్చింది. మధ్యాహ్నం మావాళ్ళు మజ్జిగ పోస్తే దోసిలి పట్టి తాగేది. పోసేవాళ్ళ చెంబు ఆమె చేతికి జానెడు ఎత్తులో ఉండేది.

అన్నయ్య కాదనలేదు. సరేననీ అనలేదు. "మనవాళ్ళు ఏమంటారో చూద్దాం" అన్నాడు. మనవాళ్ళని అడిగితే, "మీ అన్నయ్య ఏమంటున్నాడు?" అన్నారు. ఇలా రెండు నెలలు గడిచాయి. కోపంగా ఉన్నవాడు ఒక్కడు దొరికినా నేను వాదించి ఉండేవాణ్ణి. ఒక్కడూ దొరకలేదు.

చివరికి పిల్లే ప్రెస్సుకి వచ్చింది. కాగితాల కట్ట మీద కూర్చుని, "బాబాయ్, నువ్వే చెయ్యాలి పెళ్ళి" అంది.

నాకు ఛాతీ పొంగింది. "చేద్దామమ్మా. ఆషాఢంలో పెడదాం. పురోహితుడు వద్దు, తాళి వద్దు. దండలు మార్చుకుంటారు, నేను మాట్లాడతాను."

"ఆషాఢం వద్దు. శ్రావణంలో మంచి ముహూర్తం చూపించు."

"ఎవరు, నేనా?"

"నువ్వే. రాని వాళ్ళకి సాకు దొరక్కూడదు బాబాయ్. దండల పెళ్ళే చేసుకుంటాం. మంచిరోజు మాత్రం ఉండాలి."

"సరే. ఇంకా?"

"మా వాళ్ళు ఒక్క బంతి తినాలి. నువ్వు ఎంత మాట్లాడినా, మాట్లాడకపోయినా నాకు ఒకటే. తినాలి అంతే."

తెలియనివాళ్ళకి ఇది చిన్న కోరికలా కనిపిస్తుంది. మా కుటుంబాల్లో పెళ్ళికి రావడం వేరు, తినడం వేరు. రావడం మర్యాద, తినడం చుట్టరికం. బంతిలో కూర్చుని తిన్నారంటే ఆ ఇంటితో రాకపోకలు ఉంటాయి. వచ్చి, తాంబూలం పుచ్చుకుని, తినకుండా వెళ్ళిపోయారంటే మాత్రం, ఎవరూ ఏమీ అనకుండానే ఆ తలుపు మూసుకుపోతుంది. ఆ పిల్ల మళ్ళీ తల్లి దగ్గరికి రాగలదా లేదా అన్నది ఆ ఒక్క బంతి మీద ఆధారపడి ఉంది.

"వంటకి మామూలుగా పిలిచే వంటవాళ్ళనే పిలవండి, అప్పుడు ఎవరూ నోరెత్తరు" అని అన్నయ్య నాతో కబురు పంపాడు. పిల్ల దానికి ఒప్పుకుంది. అయితే వడ్డన మాత్రం అత్తగారు చెయ్యాలంది. "వంటవాళ్ళు వండి వంటవాళ్ళే వడ్డిస్తే హోటల్లో తిన్నట్టే గదా బాబాయ్. రేపు మేం హోటల్లో తిన్నాం అంటారు."

శ్రావణంలో మామిడికాయల షెడ్లు ఖాళీగా ఉంటాయి. ఊరి బయట ఒక షెడ్డు అడిగి తీసుకున్నాం. నేల మీద ఇంకా గడ్డి వాసన, రసం మరకల వాసన. ముందురోజు వాన పడి గోడలు చెమ్మగా ఉన్నాయి. జనం బాగానే వచ్చారు, మంచిరోజు గదా. నేను గంటసేపు మాట్లాడాను. మంచి ఉపన్యాసమే. మనిషిని మనిషి ముట్టుకుంటే మైలపడే ధర్మం ధర్మం కాదన్నాను. చప్పట్లు కొట్టారు. మా బంధువులూ కొట్టారు. పిల్లా కుర్రాడూ దండలు మార్చుకున్నారు. టెంటుహౌసు వాళ్ళు కుర్చీలు మడిచి, బండి మీద పేర్చి పట్టుకుపోయారు. బంతికి చోటు కావాలి గదా.

చాపలు పరిచి, విస్తళ్ళు వేసి, నీళ్ళు చల్లారు. గ్లాసులు పెట్టారు. అందరూ నిలబడి ఉన్నారు.

"రండి, కాళ్ళు కడుక్కోండి" అన్నాను.

"ముందు పెళ్ళికొడుకు వాళ్ళని కూర్చోనివ్వండి" అన్నాడు మా బావగారు.

పెళ్ళికొడుకు మేనమామ చేతులు కట్టుకుని ఒక మూల నిలబడ్డాడు. "అయ్యో, తమరు కూర్చోకుండా మేమెట్టా కూర్చుంటామండి?"

"పెద్దలు కానివ్వండి ముందు."

"మాదేముందండీ, మేం తర్వాతైనా తింటాం."

"నాకు పొద్దున్నే టిఫిన్ అయిందండీ, ఇంకా అరగలేదు."

ఒక్క నోట కూడా కాదన్న మాట రాలేదు. మర్యాదతో కూడా మనిషిని వెలివేయొచ్చని ఆ మధ్యాహ్నం చూశాను. ఒకరినొకరు "మీరు కానివ్వండి" అని తోసుకుంటున్నారు. పిల్ల స్తంభం పక్కన దండతోనే నిలబడి వాళ్ళ నాన్నని చూస్తోంది.

ఎవరో ఒకరు మొదలుపెట్టాలి గదా అని, నేను వెళ్ళి మొదటి విస్తరి ముందు కూర్చున్నాను.

ఎవరూ కదల్లేదు. వెనకనుంచి ఎవరిదో గొంతు వినిపించింది. "ఆయన సంగతి వేరులెండి. ఆయన ఎక్కడైనా తింటాడు."

"శ్మశానంలో పెట్టినా తింటాడు" అన్నాడు ఇంకొకడు. నవ్వారు. ఆప్యాయంగానే నవ్వారు.

నా జీవితంలో అంత పొడుగు బంతిలో అంత ఒంటరిగా ఎప్పుడూ కూర్చోలేదు. కింద కూర్చుంటే పైనున్న ముఖాలు బాగా కనిపిస్తాయి. అన్నయ్య బావగారిని చూస్తున్నాడు. బావగారు వినగడప నుంచి వచ్చిన మా చుట్టాల్లో పెద్దాయన్ని చూస్తున్నాడు. ఆ పెద్దాయన రోడ్డు వైపు చూస్తూ, "బెజవాడ బస్సు వచ్చే టైమయిందంటారా?" అని అన్నయ్యని అడుగుతున్నాడు. చూపు తిరిగి తిరిగి బయల్దేరిన చోటికే వచ్చింది. వాళ్ళలో పట్టుబట్టినవాడు ఎవడూ లేడు. పక్కవాడు కూర్చుంటే కూర్చునేవాళ్ళే అందరూ. నేను కూర్చోవడం మాత్రం లెక్కలోకి రాలేదు. ఇన్నేళ్ళూ మాట్లాడి మాట్లాడి, నేను వాళ్ళకి పక్కవాడిని కాకుండా పోయాను.

పిల్ల కళ్ళు తుడుచుకోలేదు. దండలోంచి ఒక్కో పువ్వూ తుంచి కింద పడేస్తోంది.

మా మేనత్త ఒకావిడ ఉండేది. మా నాన్న అక్క. మా అందరిలోకీ పెద్దది. భర్త పోయినప్పటి నుంచి మా అన్నయ్య ఇంట్లోనే ఉంది. పాత పద్ధతులన్నింటికీ ఆవిడే కాపలా. వాకిట్లో పేటవాళ్ళు నిలబడిన చోట పేడనీళ్ళు చల్లించిన మనిషి. నేను నాస్తికుణ్ణని తెలిశాక ఏడాదిపాటు నాతో మాట్లాడలేదు. ఆ పెళ్ళికి ఎలాగూ రాదనుకున్నాం. ముహూర్తం మంచిదని తెలిసి, రిక్షా ఎక్కి వచ్చింది. పెళ్ళికొడుకు పేటవాడని ఆవిడకి తెలుసు, ఎవరి కొడుకో మాత్రం ఎవరూ చెప్పలేదు. ఉపన్యాసం జరిగినంతసేపూ ముందువరసలో కుర్చీలో కునికిపాట్లు పడింది. ఇప్పుడు ఆ కుర్చీ టెంటుహౌసు బండి మీద ఉంది. ఆవిడ గోడ పట్టుకుని నిలబడి ఉంది.

"ఒరే, ఎంతసేపురా ఈ నిలబడటం?" అంది.

"ఇదిగో అత్తయ్యా, ఒక్క నిమిషం" అన్నాడు అన్నయ్య.

"నీ నిమిషం తగలెయ్య. నా మోకాళ్ళు నీకున్నాయా?"

నాలుగు అడుగులు వేసి, నా భుజం పట్టుకుని, మూలుగుతూ నా పక్క చాప మీద కూలబడింది. ముందు విస్తరి ఉంది. దాన్ని కాస్త తనవైపు లాక్కుంది.

మా ఇళ్ళల్లో రెండు నియమాలు ఎవరూ చెప్పకుండానే అందరికీ తెలుసు. ఇంటి పెద్ద విస్తరి ముందు కూర్చుంటే, మిగిలినవాళ్ళు నిలబడి చూడకూడదు. ఆ పెద్ద లేచేదాకా బంతిలోంచి ఎవరూ లేవకూడదు. ఇందులో మొదటిది అప్పుడు పనిచేసింది. అన్నయ్య చెప్పులు విడిచి వచ్చి అత్తయ్య పక్కన కూర్చున్నాడు. అన్నయ్య కూర్చున్నాక బావగారు. ఆ తర్వాత చూడలేదు నేను. చెప్పుల చప్పుడు, చాపల చప్పుడు, "జరగండి, జరగండి" అన్న మాటలు. వినగడప పెద్దాయన బస్సు సంగతి మరిచి రెండో వరసలో సర్దుకుంటున్నాడు. పెళ్ళికొడుకు మేనమామ కూడా, ఇంకా చేతులు కట్టుకునే, చివరగా కూర్చున్నాడు.

అప్పుడు లోపలినుంచి పెళ్ళికొడుకు తల్లి అన్నం బుట్ట పట్టుకుని వచ్చింది. కొత్త చీర, తలనిండా కొంగు. మొదటి విస్తళ్ళ దగ్గరే ఆగిపోయింది. ఎదురుగా ఉన్నది తను ఏళ్ళతరబడి దూరంగా నిలబడి "అమ్మగారూ" అని పిలిచిన మనిషి.

అత్తయ్య తలెత్తి చూసింది. చాలాసేపు చూసింది.

"నువ్వా?" అంది.

"నేనేనండి అమ్మగారూ."

"వాడి తల్లివి నువ్వా?"

"అవునండి."

అత్తయ్య లేవబోయిందని నాకనిపించింది. ఒక చెయ్యి నేలకి ఆనించింది. మోకాలు మడతలోంచి రాలేదు. "అబ్బా" అంది. చెయ్యి మళ్ళీ ఒళ్ళోకి తీసుకుంది.

"అట్టా చూస్తావేంటే? వెయ్యి. మెత్తగా ఉన్నది చూసి వెయ్యి, నాకు పళ్ళు లేవు."

ఆమె వేసింది. నాలుగు మెతుకులు విస్తరి దాటి చాప మీద పడ్డాయి.

"నేల మీద పొయ్యకే. నాట్లప్పుడు ఇట్టాగే వేసేదానివా నారు?"

"ఏనాడన్నా వంకర వేశానా అమ్మగారూ?"

"వెయ్యలేదులే. పప్పు తెమ్మను."

అంతే. కౌగిలింతలు లేవు, కన్నీళ్ళు లేవు. వరసకి వరస వడ్డన సాగింది. మధ్యలో ఎ.కొండూరు నుంచి వచ్చిన మా మావయ్య ఒకాయన, పప్పు కలిపినవాడు కలిపినట్టే ఆపి, విస్తరి మడవబోయాడు. పక్కనాయన మోచేత్తో పొడిచాడు.

"ఏంటిది? అత్తయ్య లేచిందా?"

"లేదు గానీ..."

"మరి కూర్చో. పెద్దావిడ తింటుంటే లేస్తావా? సిగ్గుండాలి."

ఆయన కూర్చున్నాడు. పళ్ళు లేని అత్తయ్య ముద్ద ముద్దనీ నాలిక మీద నలుపుకుంటూ, చారన్నం అయ్యాక మజ్జిగన్నం, మజ్జిగన్నం అయ్యాక మళ్ళీ ఇంకాస్త మజ్జిగ, ఎంతకీ లేవలేదు. ఆవిడ లేవకుండా ఎవరూ లేవలేరు. అన్నం ముందు పెట్టుకుని ఖాళీగా కూర్చోలేక తిన్నారు. తిన్నాక ఆకలి తెలిసింది. కాసేపటికి ఎ.కొండూరు మావయ్య గొంతే వినిపించింది.

"బూరెలు ఇటు రావట్లేదేంటమ్మా? ఇటు కూడా మనుషులున్నారు."

వేరుగా కూర్చోబెట్టడానికి పుట్టిన బంతి నియమమే ఆ రోజు వాళ్ళని కట్టిపడేసింది. అది నా వాదన గెలుపని తర్వాత ఒక సభలో చెప్పాను. చెబుతుండగానే నాకు నోరు చేదుగా అనిపించింది.

ఇంటికి తిరిగొచ్చాక అత్తయ్యని అడిగాను. "నిజం చెప్పు, ఆ పిల్ల కోసమే గదా కూర్చున్నావు?"

"మోకాళ్ళు నొప్పెట్టాయిరా" అంది.

"ఆమెని చూశాక లేవబోయావు గదా. ఎందుకు లేవలేదు?"

"లేపేవాడెవడున్నాడక్కడ? నువ్వేమో పక్కన దిమ్మలా కూర్చున్నావు. మెతుకులు పడ్డాక మధ్యలో లేస్తే ఎవరైనా ఏమనుకుంటారు?"

ఎవరైనా ఏమనుకుంటారు. మా ఊళ్ళో చెడ్డ పనులన్నింటి వెనకా ఈ మాటే విన్నాను. మంచి పని వెనక కూడా ఇదే ఉంటుందని నేను అనుకోలేదు. ఆవిడ మనసు మారిందో, మోకాలు సహకరించలేదో నాకు తెలియదు. ఆవిడకీ తెలియదనుకుంటాను. కారణం దొరకని పనిని నమ్మడం నాకు ఎప్పుడూ కష్టమే.

కార్తీకంలో పిల్లా అల్లుడూ బస్సు దిగి ఇంటికి వచ్చారు. పెళ్ళయ్యాక ఇంటికి రావడం అదే మొదటిసారి. నన్నూ రమ్మన్నారు. మా వదిన వంట పూర్తిచేసి, విస్తళ్ళు చేత్తో పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడింది. ఎక్కడ పరవాలో తెలియక నిలబడింది. వసారాలో పరిస్తే ఒక అర్థం, వంటింట్లో పరిస్తే ఇంకో అర్థం.

"ఎక్కడ వెయ్యమంటారు?" అని అన్నయ్యని అడిగింది.

"నీ ఇష్టం" అన్నాడు అన్నయ్య, ఆవిడ ముఖం చూడకుండా.

పక్కింటావిడ గోడ మీంచి తొంగి చూసింది. "అమ్మాయి వచ్చిందా? అత్తయ్యగారు ఆ రోజు బంతిలో తిన్నారటగా, విన్నాం."

"తిన్నారండీ" అంది వదిన. ఆ ఒక్క మాటా చెప్పేసరికి ఆవిడ భుజాలు కాస్త దిగాయి.

పిల్ల వసారా స్తంభం పక్కన నిలబడి ఉంది. అల్లుడు చెప్పులు గుమ్మం బయటే, బాగా దూరంగా విడిచాడు. పిల్ల వెళ్ళి వాటిని తెచ్చి మిగతా చెప్పుల పక్కన పెట్టింది. నా చెయ్యి అలవాటుగా చొక్కా మడతలు సర్దుకుంటోంది. నేరుగా వంటింట్లోకి వెళ్ళి మొదటి పీట మీద కూర్చుందామని ఒక అడుగు వేశాను.

పిల్ల నా మోచెయ్యి పట్టుకుంది. "బాబాయ్, నువ్వు ముందు కూర్చోకు."

"ఏం?"

"నువ్వు ముందు కూర్చుంటే అది ఉపన్యాసం అవుతుంది. కాసేపు ఆగు."

ఆగాను. లోపలి గదిలో మంచం మీదనుంచి అత్తయ్య గొంతు వచ్చింది. "ఇంకా ఎంతసేపే? నాకు ఆకలేస్తోంది. వసారాలో చలి, నేను రాను. వంటింట్లో వెయ్యి."

వదిన వంటింట్లోకి తిరిగింది. విస్తళ్ళు వరసగా పడ్డ చప్పుడు వినిపించింది. అత్తయ్య గోడ పట్టుకుంటూ వచ్చి కూర్చుంది. అన్నయ్య కూర్చున్నాడు. అన్నయ్య పక్క చోటు చూపించి, "రావయ్యా" అన్నాడు అల్లుడితో. అతను ఒకసారి అందరి ముఖాలూ చూసి, కూర్చున్నాడు. పిల్ల వాళ్ళమ్మతో కలిసి వడ్డనకి వంగింది.

నేను గుమ్మంలో నిలబడి, ఊళ్ళో వాళ్ళందరిలాగే, మిగతావాళ్ళు కూర్చునేదాకా చూశాను. తర్వాత చివర మిగిలిన విస్తరి ముందు కూర్చున్నాను. నన్నెవరూ పట్టించుకోలేదు. ఎప్పటినుంచో అలసిపోయి ఉన్నానని అప్పుడే తెలిసింది. అల్లుడు తల తిప్పకుండానే ఉప్పుగిన్నె నావైపు జరిపాడు.